ఒక్కటి ఇడిచి తినాలె

మా ఊరు తొర్రూరు పక్కపొంటే. ఊరికి పెద్ద చెరువున్నది, చెరువుకు సంఘమున్నది, సంఘానికి అధ్యక్షుడున్నడు, అధ్యక్షునికి తెల్ల అంగి ఉన్నది. పని చేసేటోడు మాత్రం ఒక్కడే, నేను. సెక్రటరీ అంటరు. కాయితాలు పట్టుకొని ఆఫీసుల పొంటి తిరిగేది నేను, వల చినిగితే తిట్లు తినేది నేను, ఫొటోల నడుమ నిలబడేది ఆయన. ఇదంత నా గొప్ప చెప్పుకోనీకి రాస్తలేను. నా గొప్ప ఎంతనో చివరిదాక చదివితే మీకే తెలుస్తది.

చెరువుల చేపపిల్లలు పోసుడు పాత ముచ్చట. రొయ్య పిల్లలు పోసుడు ఈ నడుమ మొదలైంది. మంచినీటి రొయ్య, పెరిగితే నీలం కాళ్లు జానెడు పొడుగుంటయి. ఆ ఏడు వానకాలంల పిల్లలు బండిల వచ్చినయి, గాలి నింపిన కవర్లల్ల, కత్తిరించిన వెంట్రుకలంత సన్నగ. ఎవ్వరు పొదిగించిండ్రు, యాడికెళ్లి తెచ్చిండ్రు, రోగం పరీక్ష చేసిండ్రా లేదా అని అడిగినోడు లేడు. అందరికీ ఫొటోల రంది. అధ్యక్షునికి ఎండ మొఖం మీద పడ్డదట, ఫొటో బాగ రాలేదట. పిల్లలు నీళ్లల్లకు పోయినంక ఉత్త కవరు పట్టుకొని మళ్లొకసారి ఇడిచినట్టు వంగిండు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను కూడ కొట్టిన.

పది దినాలు కాలే. పొద్దుగాల గట్టు పొంటి పోతుంటే నీళ్ల అంచుకు తెల్లగ కనబడ్డది. బియ్యం కడిగిన కాడ నూకలు పడ్డట్టున్నది. వంగి చూస్తె రొయ్య పిల్లలు. ఒళ్లంత గాజు తీరుగనే ఉన్నది, తోక దిక్కు మాత్రం పాలు పోసినట్టు తెల్లగైంది. ఊరంత గట్టెక్కింది. నీళ్లు వేడెక్కినయని ఒకడు, దిష్టి తాకిందని ఒకడు, పక్క ఊరోళ్లు మందు కలిపిండ్రని ఇంకొకడు. ఎవనికి తోచిన వైద్యం వాడు చెప్పిండు. అధ్యక్షుడు తెల్ల అంగి నలగకుండ చేతులు కట్టుకొని, "మిగిలేటియి మిగుల్తయి, ఊకోండ్రి" అన్నడు.

మిగిలినయి. మిగిలినయే కొంప ముంచినయి.

ఆ తర్వాత మహబూబాబాద్‌ల మూడు దినాల శిక్షణ పెట్టిండ్రు. సంఘం నుంచి ఆరుగురం పోయినం. అయిదుగురికి పగటి బువ్వల కోడికూర మంచిగున్నదా లేదా అన్నదే శిక్షణ. తిన్నంక ఫ్యాన్ కింద గురక పెట్టిండ్రు. నేనొక్కన్నే కాపీ పట్టుకొని రాసుకున్న. చెప్పిన సారు పడుచు పిలగాడు, గొంతు సన్నగుంటది, కానీ తెలిసిన మనిషి. ఆయన చెప్పింది గింతే. దాన్ని తెల్లతోక రోగమంటరు. కరోనా తీరుగనే ఒక వైరస్. పసి పిల్లలను చంపుతది. పెద్దయి తట్టుకుంటయి, మంచిగ తింటయి, నిగనిగలాడ్తయి, కానీ రోగాన్ని ఒంట్ల మోస్తనే ఉంటయి. మనిషికేం కాదు, కమ్మగ వండుకొని తినచ్చు. కానీ ఆ చెరువు నీళ్లు, ఆ తడివల, ఆ బకెట్, ముఖ్యంగ బతికున్న రొయ్య ఇంకో చెరువుకు పోవద్దు. వాగుల అసలే పడొద్దు. వాగుల దానంతట అది పుట్టే చిన్న రొయ్యలకు అంటితే ఇగ దాన్ని బయటికి తియ్యనీకి ఎవ్వని తరం కాదు.

నేను ఆ కాపీని పట్టుకొని ఊర్లెకు పోలీసోని లెక్క దిగిన.

ముందుగాల గట్టు మీద నీలం డ్రమ్ము పెట్టించిన. అండ్ల బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు. చెరువుల దిగే ముందు వల అండ్ల ముంచాలె, కడగాలె, ఎండబెట్టాలె. అధ్యక్షుడు వచ్చిండు, డ్రమ్ముల వల ముంచుకుంట ఫొటో దిగిండు, పోయిండు. మూడో దినం నేను పోయేటాల్లకు డ్రమ్ము లేదు. చూస్తె వాళ్ల కొట్టంల బర్ల ముంగట ఉన్నది, అండ్ల కుడితి. అడిగితే "ఊకెనే పడున్నది గదానె" అన్నడు. ఊకెనే పడున్నదట. నలుగురు చూసేటప్పుడు డ్రమ్ము ఆరోగ్యానికి, ఎవ్వరు చూడనప్పుడు బర్లకు.

తర్వాత వలలు. మా ఊరోళ్లు మరిపెడ దిక్కు చెరువులకు కూలికి పోయి వల గుంజుతరు. సాయంత్రం ఆ తడివలనే భుజాన ఏసుకొని బస్సు దిగి, తెల్లారి మా చెరువుల ఏస్తరు. ఎండబెట్టుండ్రయ్య అంటె, "ఎండిన వల నీళ్ల మీద తేలుతది, తడివల దబ్బున మునుగుతది, నీకేమెరుక" అన్నరు. వల నాకెరుక లేదట. పుట్టిందే వల మీద. ఒకని వల గుంజుకపోయి బడి గోడ మీద రెండు దినాలు ఆరేసిన. వాని పెండ్లాం వచ్చి నా ఇంటి ముంగట నిలబడి నా ఏడు తరాలను కడిగింది. ఆ ఒక్క కడుగుడే ఆ సంవత్సరం మా ఊర్లె సక్కగ జరిగింది.

నాకు బ్లీచింగ్ సెక్రటరీ అని పేరు పెట్టిండ్రు. నేను లెక్కచెయ్యలే. నిజం చెప్పాల్నంటె నాకు మస్తు ఖుషీ అయ్యేది. చుట్టూత అందరు తెలివి తక్కువోళ్లు, నడుమ నేనొక్కన్ని తెలిసినోన్ని. మూర్ఖులను చూసుకుంట బతుకుడుల ఒక సుఖమున్నది. అది మరిగితే కల్లు మరిగినట్టే, వదలదు.

ఇప్పుడు మా చెల్లె సంగతి చెప్పాలె. ఆమెను భూపాలపల్లి దిక్కు ఇచ్చినం, టేకుమట్ల దాటినంక వాగొడ్డున ఊరు. బావ పోయి మూడేండ్లు. పిల్లలు లేరు. వాగు పక్కన ఆమె వంతుకొచ్చిన చెలుక ఎప్పుడూ ఊటెక్కి ఉంటది, పత్తి రాదు, వరి సక్కగ రాదు. ఆమె మరిది, "ఒదినె, నువ్వు పుట్టింటికి పో, చెలుక నేను కలుపుకుంట, ఏడాదికింత గింజలు పంపుత" అనుకుంట తిరుగుతుండె. మంచోని లెక్కనే అంటడు, అదే కష్టం. మా చెల్లె పోనన్నది. మొండిది. ఆ ఊట చెలుకలనే కుంట తవ్విచ్చింది, బోరు నీళ్లు నింపింది, రొయ్య పిల్లలు పోస్త అన్నది. ఒక్క పంట చేతికొచ్చి కుంట నిలబడితే ఆమె ఆ ఊర్లె నిలబడ్తది. లేకుంటె చెలుక మరిదిది, ఆమె నా ఇంట్ల మూల గదికి. ఇది ఆమెకెరుక, నాకెరుక, మరిదికి ఇంక బాగ ఎరుక.

పిల్లలు తెచ్చేముందు నన్ను అడిగింది. జనగామ కాడ రొయ్య పిల్లలు పెంచి అమ్మే ఒక భాయ్ ఉన్నడు. నేనే పోయి చూసిన. తొట్లు సున్నం కొట్టి సాఫ్‌గ ఉన్నయి, లోపలికి పోవాల్నంటె కాళ్లు మందునీళ్లల్ల పెట్టి పోవాలె, నన్ను సుత పెట్టిచ్చిండు. పరీక్ష చేయించిన కాయితం చూపిచ్చిండు. ఎంత ఎతికినా తప్పు దొరకకపాయె. నాకు జర బాధనే అయింది.

శివరాత్రి ముందర ఆమె కుంటల పిల్లలు పోసింది. సరిగ్గ అదే వారంల మా చెరువుల మొదటి వల పడ్డది.

మా దగ్గర ఒక ఆచారమున్నది. మొదటి వల అమ్మరు. అండ్ల పడ్డ దాంట్ల పెద్దయి ఏరి ఆడబిడ్డలకు పంపాలె. పెండ్లయి పోయిన అక్కకో చెల్లెకో బిడ్డకో, ఎంత దూరమైనా పుట్టింటోళ్లే మోసుకపోవాలె. అది సుత బతికున్నయే. ఆడబిడ్డకు చచ్చింది పెట్టరు. ఇంకో మాట కూడ ఉన్నది. ఆడబిడ్డ అందుట్ల ఒక్కటి తన ఊరి నీళ్లల్ల ఇడిచి, మిగిలినయి వండుకోవాలె. ఒక్కటి ఇడిచి తినాలె అంటరు మా ముసలోళ్లు. పుట్టింటి చేప అత్తింటి నీళ్లల్ల తిరుగుతుంటె ఆడబిడ్డకు అక్కడ కాలు ఊనుతదట. మా అవ్వ తన అత్తింటి బాయిల ఇడిచిందట, మా అమ్మ ఈ చెరువులనే ఇడిచింది. అప్పుడు చేపలు, ఇప్పుడు రొయ్యలు.

సంఘం కూడినప్పుడు నేను లేచి నిలబడ్డ. బతికున్న రొయ్య ఊరు దాటొద్దన్న. ముందు ఒకడు నవ్విండు, తర్వాత అందరు నవ్విండ్రు. "ఆడబిడ్డకు శవాలు మోసుకపోదామా సెక్రటరీ" అన్నడు అధ్యక్షుడు. ఆయనకు జీవితంల వచ్చిన హాస్యం అదొక్కటే. చెవిటోని ముంగట శంఖం ఊదినట్టయింది. చివరికి నేనే ఒక మెట్టు దిగిన. సరే, బతికున్నయే పట్టుకపోండ్రి, కానీ అక్కడ ఇడవద్దు, నీళ్లు నేల మీద పారబొయ్యాలె, అన్ని వండాలె, గిది మీ ఆడబిడ్డలకు మీ నోటితోని చెప్పాలె. అన్నంత పని చేసిన. రొయ్యలు మోసుకపోయే ప్రతి ఇంటికి పోయి, గడపల నిలబడి, చెప్త అని ఒప్పిచ్చినంకనే బకెట్ కదలనిచ్చిన. ఒకడు తల గోక్కుంట, "చెప్తె ఆమె బాధపడదా అన్నా" అన్నడు. "నీ నోట్లె నాలికె లేదా" అన్న వాన్ని. అది ఇప్పటికీ యాదికుంటది.

తెల్లారి నేను సుత బకెట్ పట్టుకొని బస్సెక్కిన. బకెట్ల పదకొండు రొయ్యలు, మా చెరువు నీళ్లు, చేపలమ్మేటోళ్లు పెట్టుకునే బ్యాటరీ మోటరు బుడబుడమనుకుంట. తొర్రూరుల ఎక్కి వరంగల్‌ల దిగి, పరకాల బస్సు పట్టుకొని, ఆన్నుంచి టేకుమట్ల. కండక్టర్ అడిగితే "ఆడబిడ్డకు" అన్న. ఆయన తన సీటు కింద జాగ ఇచ్చిండు. తొవ్వ పొడుగునా ఏం చెప్పాల్నో మనసుల అనుకుంటనే ఉన్న. చెల్లె, మా చెరువుల రోగమున్నది, ఒక్కటి సుత ఇడవకు, నీళ్లు దూరం పారబొయ్యి. ఇంత చిన్న మాట.

నేను పోయేటాల్లకు పగటి ఎండ. చెల్లె గడపల్నే ఉన్నది. బకెట్ చూడంగనే ఆమె మొఖం ఎట్లయిందో నేను రాయలేను. బావ పోయినప్పటి సంది ఆమె నవ్వంగ నేను చూడలే. వాడకట్టు ఆడోళ్లు వచ్చిండ్రు. "మా అన్న తెచ్చిండు, తొర్రూరు కాడికెళ్లి" అని ఒక్కొక్కరికి మూత తీసి చూపెట్టింది. మరిది సుత వచ్చిండు. బకెట్లకు తొంగి చూసి, "ఏం సైజు బావా, మీ చెరువుల రోగం గీగం ఏం రాలేదా, అంతట చస్తున్నయంటున్నరు గద" అన్నడు.

నేనేమన్ననో అది రాయాలె. రాయకుంటె ఇదంత రాసుడు దండుగ. "నేనున్నంక మా చెరువుకు రోగమెట్ల వస్తది బావా" అన్న. ఆయన ముంగట మా చెరువు తక్కువ కావద్దు, నేను తక్కువ కావద్దు, మా పుట్టిల్లు తక్కువ కావద్దు. అంతే. ఇంక కారణం ఏం లేదు, ఎతకకండి.

చెల్లె బకెట్లకెళ్లి అన్నిట్ల పెద్దది తీసింది. నీలం కాళ్లది. రెండు చేతులల్ల పట్టుకొని కండ్లకద్దుకొని కుంట దిక్కు నడిచింది. ఆమె ఎనుక నేను, నా ఎనుక మరిది, వాడకట్టోళ్లు. కుంట కాడ నీళ్లు నిమ్మలంగ ఉన్నయి, అంచుల పొంటి సన్నటి పిల్లలు కొట్టుకుంట తిరుగుతున్నయి. నోరు తెరిచిన. మరిది పక్కన్నే నిలబడ్డడు. ఇప్పుడు చెప్తె, ఇంతకుముందే అబద్ధమాడిండని పదిమందిల తేలుతది. చెల్లె వంగింది, రొయ్యను నీళ్లల్ల ఇడిచింది. అది కొంచెంసేపు అక్కడ్నే ఉండి, లోపలికి పోయింది. బకెట్ల నీళ్లు కూడ, "పుట్టింటి నీళ్లు, పారబొయ్యొద్దు" అని ఆమెనే కుంటల పోసింది. నేను నిలబడి చూసిన. మందికి తడివల కాడ నీతులు చెప్పినోన్ని, గడప గడపకు పోయి ఒట్లేయించుకున్నోన్ని, నా నోట్లె నాలికె అప్పుడు యాడికి పోయిందో.

పొద్దుమీకి తిన్నం. మస్తుగున్నది కూర. నేను మూడుసార్లు ఏయించుకున్న.

రెండు వారాలకు ఫోన్ వచ్చింది. "అన్నా, పిల్లలు అంచుకు వస్తున్నయి. తోకలు తెల్లగున్నయి." ఆమె "ఎట్లొచ్చిందన్నా ఇది" అంటె, ఊపిరి తీస్కున్నంత సేపు కూడ ఆలోచించకుండ, "పిల్లలమ్మినోడు మోసం చేసిండు" అన్న. ఎంత సులువుగ వచ్చిందో ఆ మాట. పరీక్ష కాయితం నా కండ్లతోని నేనే చూసిన. కాళ్లు మందునీళ్లల్ల ముంచి మరీ చూసిన.

చెల్లె మొండిదని చెప్పిన గద. జనగామకు ఫోన్ చేసి భాయ్‌ని రప్పిచ్చింది. పాపం మనిషి రాను అనలే. ఎండల బండేసుకొని వచ్చిండు. నేను సుత పోయిన, సాక్షిగ. ఎంత సిగ్గులేనితనం చూడుండ్రి. కుంట గట్టు మీద ఆమె ఆయన్ని అడగని మాట లేదు. "ఒంటరి ఆడదాన్ని చూసి చచ్చే పిల్లలంటగడ్తివా" అన్నది. ఆయన టోపీ తీసి చెమట తుడుచుకొని, అంత ఇన్నంక నిమ్మలంగ అన్నడు: "అక్కా, జర వినుండ్రి. గదే దినం, గదే బండిల, గదే తొట్టి పిల్లలను మీ ఊరు దాటినంక ఇంకో ఇద్దరి కుంటలల్ల పోసిన. నంబర్లు ఇస్త, మీరే అడుగుండ్రి."

ఆమె అక్కడ్నే ఫోన్ చేసింది, ఇద్దరికి. రెండు కుంటలల్ల పిల్లలు మంచిగున్నయి.

భాయ్ కుంట దిక్కు చూసుకుంట, "అక్కా, మీ కుంటల వేరే చెరువు నీళ్లు గాని, వేరే రొయ్య గాని ఏమన్న పడ్డదా" అని అడిగిండు. ఎవ్వరి మీద పెట్టి అడగలే, దవాఖానల డాక్టర్ అడిగినట్టు అడిగిండు.

చెల్లె నా దిక్కు మర్లి చూసింది.

"మీ చెరువుల ఈ రోగం ఉండెనా అన్నా?"

"ఉండె."

"నీకెరికేనా?"

"ఎరికే."

"నేను ఇడిచేటప్పుడు నువ్వు నా పక్కన్నే ఉంటివి."

నేను కుంట దిక్కు తిరిగిన.

"చెప్తె నేను ఇడుస్తుంటినా అన్నా," అన్నది. తిట్టినా బాగుండు. ఏడిచినా బాగుండు. ఊకె అడిగింది, తెలుసుకుందామని అడిగినట్టు. తర్వాత భాయ్ దిక్కు తిరిగి చేతులు జోడిచ్చి, "తప్పైంది భాయ్, మీరేం మనసుల పెట్టుకోకుండ్రి" అన్నది. జోడియ్యాల్సిన చేతులు నాయి. అవి జేబులల్ల ఉన్నయి.

గురిగింజ తన కింది నలుపు ఎరుగదంటరు. నేను ఎరిగిన గురిగింజను, నాకు తక్కువ శిక్ష ఎట్లయితది. అధ్యక్షుడు కనీసం కుడితికి డ్రమ్ము వాడిండు, బర్లు తాగినయి. నా తెలివి దేనికి పనికొచ్చింది?

అయిందేదో అయింది, ఇప్పుడేం చెయ్యాలె అని చెల్లెనే అడిగింది. నేను చెప్పిన. నీళ్లు బయటికి పోవద్దు. నీళ్లు పోయే పైపు మూత బిగియ్యాలె. బ్లీచింగ్ చల్లి నీళ్లను అట్లనే ఆపాలె, అండ్ల ఒక్క ప్రాణం మిగలొద్దు. తర్వాత ఎండకాలమంత కుంట ఎండాలె, నేల పగలాలె, సున్నం చల్లాలె. ఆ పెద్ద రొయ్యను సుత పట్టాలె. అదే మొదలు పట్టినం. గంపతోని అడుగు బురదల ఎతికితే దొరికింది, కాళ్లు ఇంకింత నీలంగ, బలంగ ఉన్నది. దానికేం కాలే.

అప్పటికి యాసంగి వరి పాలుపోసుకునే టైము. మరిది బోరు వట్టిపోయింది. "చచ్చిన కుంట నీళ్లు నీకెందుకు ఒదినె, నా పొలానికి ఇడువు" అన్నడు. బ్లీచింగ్ చల్లినం గని రోగం మొత్తం చచ్చిందని ఒట్టేసి చెప్పేటోడు లేడు, పైపు విప్పితే ఆయన పొలంలకు, పొలంలకెళ్లి వాగుల. వాగుల పొద్దుగాల పొద్దుగాల తండా ఆడోళ్లు గంపలతోని చిన్న రొయ్యలు, ఎండ్రికాయలు పడ్తరు. అదే వాళ్లకు ఎండకాలం కూర. ఇయ్యనన్నది చెల్లె. మరిది లొల్లి పెట్టిండు, కులపెద్దల దాక పోయిండు. బంధువుల వరి ఎండగొడ్తున్నదని అన్నరు ఆమెను. వాళ్ల వరి ఎండుడు నిజమే, అందుకే ఇంకా కష్టం.

ఒకనాడు తండా ముసలవ్వ గంపతోని గట్టు మీదికి వచ్చి అడిగింది, ఎండ్రికాయలకు సుత అంటుతదా ఇది అని. నాకు తెల్వదన్న. శిక్షణ ఇచ్చిన సారుకు ఫోన్ చేస్తె ఆయన సుత సరిగ్గ తెల్వదన్నడు. రొయ్యలకైతే అంటుతది, ఎండ్రికాయల సంగతి ఎవ్వరూ చూడలే. "తెల్వనప్పుడు ఇడవకుండ్రి" అన్నది ముసలవ్వ. మూడు దినాల శిక్షణల నేను రాసుకున్న కాపీ మొత్తం ఆ రెండు మాటలల్ల ఉన్నది. తర్వాత వాళ్ల భాషల వాళ్లవాళ్లకు ఏదో చెప్పింది. ఆ దినం సంది తండాల ఎవరో ఒకరు పైపు కాడ చెట్టు కింద కూసునేది. మరిది మళ్ల పైపు జోలికి రాలే.

కుంట ఎండింది. నేల పలకలు పలకలుగ పగిలింది. మేమిద్దరం సున్నం చల్లినం, మాట్లాడుకోకుండ. ఎండిన కుంటను చూసి మరిది ట్రాక్టర్ తెస్తనన్నడు, చదును చేసి కలుపుకుంటడట. చెల్లె పెద్దల ముంగట నిలబడి ఇంకొక్క పంట అడిగింది. ఇచ్చిండ్రు. వానకాలంల జనగామ భాయ్ దగ్గరనే పిల్లలు తెచ్చింది. ఆయన కొత్త బకెట్ ఒకటి ఊకెనే ఇచ్చిండు, కుంటది కుంట కాడనే ఉండాలె అని. ఆ పంట వచ్చింది. ఎంత అని నేను అడగలే, అడిగే మొఖం లేదు. మరిది ట్రాక్టర్ మాటెత్తుడు బంద్ చేసిండు.

మళ్ల శివరాత్రి వచ్చింది, మా చెరువుల మళ్ల మొదటి వల. నా వంతు రొయ్యలు ఇంటికి తెచ్చుకొని, పొట్టు తలకాయలు గుంత తీసి పూడ్చిపెట్టి, వండిన. నేనే వండిన. టిఫిన్ బాక్సుల పెట్టుకొని పోతుంటె చౌరస్తల అధ్యక్షుడు, "సెక్రటరీ, ఆడబిడ్డకు శవాల టిఫినా" అన్నడు. అదే హాస్యం, రెండో ఏడు. పది మంది నవ్విండ్రు. ఆ పది మందిల ఎనిమిది మంది చేతులల్ల బకెట్లున్నయి. బుడబుడమనుకుంట. అడ్డం పడి చెప్పిన, ఇడవద్దని. ఇంటరా? ఇనరు. నన్ను నేనే ఇనలే, వాళ్లెందుకు ఇంటరు.

చెల్లె ఇంట్ల మరిది కూడ ఉన్నడు ఆ రోజు. ఆమె టిఫిన్ మూత తీసి, చూసి, "బతికున్నయి తేలేదా" అన్నది.

"మా చెరువుల రోగం ఇంక పోలే చెల్లె. బతికున్నయి ఇంకో నీళ్లకు రావద్దు," అన్న. మరిది దిక్కు చూసే అన్న, గట్టిగనే.

"ఈ నోరు పోయినేడు యాడ పెట్టినవన్నా," అన్నది.

ఆమె ముగ్గురికి కంచాలు పెట్టింది, బువ్వ పెట్టింది, కూర ఏసింది. బాక్సుల అడుగున ఒక్క రొయ్య మిగిలింది, పెద్దది. దాన్ని చెంచతోని తీసి నా కంచంల, అంచుకు పెట్టింది.

"ఒక్కటి ఇడిచినన్నా," అన్నది. "ఈసారి నీ కంచంల ఇడిచిన. ఎటూ పోదు."

తలకాయ ఎత్తకుండ తిన్న.